రానేదు కాదు, రావాల

కోటబొమ్మాళి స్టేషన్ రోడ్డులో గణపతిరావు గారి కేబుల్ ఆఫీసుకి మేడమీద ఒక రేకుల గది ఉంది. ఒక ఫ్యాను, రెండు కంప్యూటర్లు, గోడ నిండా సాలెగూడులా వైర్లు, వాటి మధ్యన ఈశ్వరి. పొద్దున్న తొమ్మిదికి మెట్లెక్కితే సాయంత్రం ఆరుకి దిగుతుంది. కింద కనెక్షన్ల కోసం వచ్చేపోయే జనం గోల వినిపిస్తూనే ఉంటుంది గాని పైకి ఎవరూ రారు. లైన్‌మేన్ నరేష్ వస్తే నిచ్చెన కోసం వస్తాడు. నిచ్చెన తీసుకుని, 'ఫ్యాను సప్పుడు సేస్తన్నాదే' అని వెళ్ళిపోతాడు. రెండేళ్ళుగా అదే మాట, అదే ఫ్యాను.

ఆ గదిలో రోజంతా ఆమెతో మాట్లాడేది ఒక ప్రోగ్రామే. దాని పేరు హాలర్. కేకేసేది అని అర్థం. చుట్టుపక్కల ఊళ్ళలో డాబాల మీద, రైస్‌మిల్లుల మీద బిగించిన ఇంటర్నెట్ డిష్షులన్నిటికీ సెకనుకోసారి అది 'ఉన్నావా?' అని కేకేస్తుంది. అవి 'ఉన్నాను' అంటాయి. సెకనులోపల అంటే తెరమీద పచ్చగీత. అనకపోతే ఎర్రగీత, పక్కన 'లాస్ట్' అన్న మాట. నెలాఖరుకి ఎన్ని ఎర్రగీతలో నూటికింత అని లెక్కేసి డిష్షులిచ్చిన కంపెనీకి రిపోర్టు పంపుతుంది. హాలర్ ఎవరి సొత్తూ కాదు. దాన్ని రాసినవాళ్ళు లోపలి కోడంతా ఇంటర్నెట్‌లో బార్లా తెరిచి పెట్టారు. ఎవరైనా చూడొచ్చు, ఫలానాచోట ఇలా మారిస్తే బాగుంటుందని చెప్పొచ్చు. చెప్పినవన్నీ వాళ్ళు వింటారని మాత్రం లేదు.

ఈశ్వరిది సముద్రం ఒడ్డున గుల్లలపేట. రాజాంలో డిప్లొమా చదివింది. ఆ ఊళ్ళో అంతవరకూ చదివిన ఆడపిల్ల ఆమె ఒక్కతే. మేనత్త మరిడమ్మ కొడుకు గోవింద్‌నే చేసుకుంది. గోవింద్ ఆగస్టులో గుజరాత్ వీరావల్ వెళ్ళి అక్కడి బోట్ల మీద చేరతాడు, మళ్ళీ వచ్చేది మే నెలకే. ఊళ్ళో సగంమంది మగాళ్ళ బతుకూ అంతే. బోటు సముద్రంలోకెళ్తే ఇరవై రోజులదాకా ఒడ్డు చూడదు. హార్బరుకి చేరిన పూట ఫోన్లలో మాటలు పోగుపడి ఉంటాయి. ఇక్కణ్ణించి పెళ్ళాలవి, తల్లులవి.

ఆ మాటలు పంపడానికి గుల్లలపేటలో సిగ్నలుండేది కాదు. సరుగుడు తోపు దాటి ఇసకదిబ్బ ఎక్కి చెయ్యి ఆకాశానికెత్తితే ఒక గీత వచ్చేది, గాలేస్తే పోయేది. కిందటేడు ఈశ్వరి గణపతిరావు గారి చెవిలో జోరీగై, తుఫాను షెల్టరు డాబా మీద ఒక డిష్షు పెట్టించింది. అప్పట్నించీ సాయంత్రమైతే ఆడవాళ్ళందరూ షెల్టరు మెట్ల మీద చేరేవారు. డిష్షుని వాళ్ళు గొడుగు అనేవారు. గొడుగు కింద కూచుని ఒకరి మొగుడి మాటలు ఒకరు విని నవ్వుకునేవారు.

అలా నలభైమంది ఒక్కసారి మీద పడేసరికి పాపం ఆ చిన్న డిష్షుకి ఊపిరాడేది కాదు. హాలర్ 'ఉన్నావా' అంటే రెండు సెకన్లకో రెండున్నరకో తీరుబడిగా 'ఉన్నాను' అనేది. హాలర్ ఒక్క సెకనే చూసి ఎర్రగీత గీసేది.

రెండువేల పదిహేడు అక్టోబరులో కంపెనీ నించి కాగితం వచ్చింది. నూటికి పాతిక పైన ఎర్రగీతలున్న డిష్షులన్నీ నవంబరు ఆఖరుకి విప్పి పంపించాలి. గుల్లలపేటకి ముప్పై ఎనిమిది.

"నానేటి సేస్తానే?" అన్నాడు గణపతిరావు. మనిషి చెడ్డవాడు కాదు. "డిష్షు ఆల్లది, లెక్క ఆల్లది. మనం మద్దిలో కూకున్నోలం."

"మాట ఆగట్లేదు బాబూ. పంపినవన్నీ ఎల్తన్నాయి. కొంచిం ఆలీసమవుతాదంతే."

"ఆలీసమని రిపోర్టులో ఎక్కడున్నాది? లాస్ట్ అనే కదేటి ఉన్నాది."

ఈశ్వరి ఆ కాగితం మడిచి పట్టుకుని మేడెక్కింది.

ఆ వారంలోనే మరిడమ్మ సంతకొచ్చి, నెత్తళ్ళ చేపల గంప కింద దించి, మంచినీళ్ళ కోసం మేడెక్కింది. ఎప్పుడూ ఎక్కని మనిషి. నీళ్ళు తాగుతూ తెరకేసి చూసింది.

"ఏటే ఈస్పరీ, ఆ ఎర్రగీతలు?"

"అది మన గొడుగత్తా. ఈడ్నించి కేకేస్తే పలకనేదని."

"పక్కనేటో రాసున్నాది."

ఈశ్వరి ఏ ధ్యాసలో ఉందో, ఉన్నది ఉన్నట్టు తెలుగులోకి తిప్పేసింది. "పోనాది అని."

మరిడమ్మ చేతిలో గ్లాసు ఠక్కున బల్లమీద పెట్టింది. "నోరు ముయ్యెస్! పోనాదేటి? ఒడ్డున పుట్టిన గుంటవేనా నువ్వు? ఎన్నాలు సూసేడు ఆడు, ఆ పెట్టిలోవోడు?"

"ఒక సెకనత్తా. అంతే, కన్ను మూసి తెరిసినంత."

"ఓలమ్మోలమ్మ! కన్ను మూసి తెరిసేసరికి పోనాదనీసేడా? ఆడికి అమ్మా బాబూ నేరేటి, సెప్పినోలు?"

గుల్లలపేటలో ఆ మాటకొక కట్టడి ఉంది. పొద్దువాలేసరికి పడవ ఒడ్డుకి రాకపోతే, 'వచ్చిందా?' అని ఎవరడిగినా 'రానేదు' అనకూడదు. 'రావాల' అనాలి. మూడు పొద్దులు దాటేదాకా ఇంకో మాట నోట రాకూడదు. చిన్నపిల్లలు పొరపాటున రానేదంటే నోటిమీద ఒక్కటిస్తారు. అమ్మడు అని ఒకావిడ ఉంది. ఆమె పెనిమిటి తెప్ప వెళ్ళి పదకొండేళ్ళు. రేషన్ కార్డువాళ్ళొచ్చి 'ఇంటాయనేడమ్మా?' అంటే ఇప్పటికీ 'రావాల' అంటుంది. సాయంత్రానికి వస్తాడు గావును అనుకుని వాళ్ళు రాసుకుపోతారు. ఊళ్ళోవాళ్ళు మాత్రం ఆమె నోట ఆ మాట విన్నాక ఇంకేమీ అడగరు. చేతిలో ఏ పనుంటే ఆ పని చేసుకుంటారు.

అత్త గంపెత్తుకుని వెళ్ళాక ఈశ్వరి హాలర్ కోడు తెరిచింది. కంప్లయింటు ఫోన్ల సందుల్లో చదవగా చదవగా నాలుగోరోజుకి ఆ చోటు దొరికింది. సెకను దాటగానే హాలర్ ఆ కేక నంబరుని చిట్టాలోంచి కొట్టేస్తోంది. తర్వాత జవాబు రానే వస్తోంది. చిట్టాలో పేరు లేదు కాబట్టి, 'నువ్వెవరివో తెలీదు ఫో' అని గుమ్మంలోంచే తోసేస్తోంది. వచ్చినవాళ్ళని తోసేసి, రాలేదని రాసుకుంటోంది!

ఆమె తన కంప్యూటర్లో ఒక నకలు తీసుకుని ఇరవయ్యారు లైన్లు మార్చింది. సెకను దాటితే చిట్టాలోంచి కొట్టెయ్యకుండా పక్కన పెట్టడం, జవాబొస్తే ఆలస్యంగా వచ్చిందని వేరే లెక్కలో రాయడం, నిజంగానే రాకపోతే అప్పుడే పోయిందనడం. అంతే మార్పు. రెండ్రోజులు నడిపి చూసింది. ముప్పై ఎనిమిదిలో ముప్పై అయిదు వచ్చినవే. పోయినవి మూడు.

కాగితం పట్టుకుని రెండేసి మెట్లు దిగి గణపతిరావు ముందు పెట్టింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివాడు.

"బాగున్నాదే. గాని తక్కెడ నువ్వే సేసి, నువ్వే తూసి, సరిపోనాదంటే కంపెనీవోడు ఒప్పుకుంతాడేటి? ఆ అసలోలు ఉన్నారు కదా, దీన్ని రాసినోలు? ఆల్ల సేత ఔనని ముద్దరేయించు. అప్పుడు నానే మాటాడతాను."

"ఎప్పటికి బాబూ?"

"నవంబరాకరని కాయితంలో ఉన్నాది. మల్లీ నన్నడగతావేటి?"

ముందు కంప్లయింటు చీటీ వెనకాల తెలుగులో రాసుకుంది. తర్వాత ఇంగ్లీషులో. అన్ని వాక్యాలూ వచ్చాయి గాని ఒక్కచోట ఆగిపోయింది. సెకను దాటింది, జవాబింకా రాలేదు. ఆ సందున ఉన్నదాన్ని ఏమనాలి? ఆమెకి తెలిసింది ఒక్కటే మాట. దాన్నే ఇంగ్లీషులోకి దించింది. ప్యాకెట్ ఈజ్ నాట్ లాస్ట్, ఇట్ ఈజ్ టు కమ్. అక్టోబరు పదహారున హాలర్ వాళ్ళ పేజీలో పెట్టింది.

మర్నాడు చూసింది. ఏమీ లేదు. ఆ మర్నాడూ చూసింది. ఆ పేజీలో రోజూ ఎవరెవరో ఏదేదో అడుగుతున్నారు, ఒకరికొకరు చెప్పుకుంటున్నారు, నవ్వు బొమ్మలు పెట్టుకుంటున్నారు. ఆమె రాసిన దాని కింద మాత్రం తెల్లగా ఉంది. వారం, రెండు వారాలు. పొద్దున్న మెట్లెక్కగానే ముందు ఆ పేజీ తెరవడం, చూడడం, ఫ్యాను వెయ్యడం అలవాటైపోయింది.

ఎవరితో చెప్పుకోవాలి? షెల్టరు మెట్ల మీద ఆడవాళ్ళు ఆమె రాగానే కొంచెం జరిగి చోటిస్తారు. ఆ జరగడంలోనే ఉంది దూరం. వాళ్ళకి ఆమె ఆఫీసు అమ్మాయి. ఆఫీసులోనేమో సముద్రంకాడి పిల్ల. నరేష్‌తో ఒకసారి అంది, "ఆల్లు పలకట్లేదు" అని. "ఏ ఊరోలు?" అన్నాడు. ఏ ఊరో ఆమెకీ తెలీదు. నిచ్చెన తీసుకుని వెళ్ళిపోయాడు.

గోవింద్‌కి వాట్సాప్‌లో ఆరు నిమిషాలు మాట్లాడి పంపింది. చిట్టా, గుమ్మం, తోసెయ్యడం, అన్నీ. పద్దెనిమిది రోజుల తర్వాత అతని బోటు వీరావల్ చేరింది. జవాబొచ్చింది. వెనకాల ఇంజన్ల మోత, ఎవరో హిందీలో అరుస్తున్నారు. "నువ్వు సెప్పింది నాకు ఒక్క ముక్క అర్దమవనేదు గాని ఈస్పరీ, గట్టిగానే మాటాడేవు. మల్లీ రెండుసార్లిన్నాను. అన్నం తింతన్నావా?" అంతే. రేపే మళ్ళీ సముద్రంలోకి.

నవంబరు పదిహేనున పేజీలో ఆమె రాసినదాని కింద మొదటిసారి ఏదో కదిలింది. గబగబా తెర దగ్గరికి జరిగింది. చదివితే ఇంతే ఉంది: 'ముప్పై రోజులుగా ఇక్కడ ఎవరూ మాట్లాడలేదు. కాబట్టి ఈ విషయం మూసేస్తున్నాం.' రాసింది మనిషి కాదు. పాతవాటిని ఊడ్చిపారెయ్యడానికి పెట్టుకున్న మర. మూసింది మర అని తెలిసీ ఈశ్వరి దానికి జవాబు రాసింది. 'నేను ఉన్నాను. దయచేసి తెరవండి.' రాశాక, ఆ మాట రోజంతా ఆ డిష్షులు అనేదేనని గుర్తొచ్చి, ఒక్కతే ఆ రేకుల కింద కాసేపు నవ్వింది. తర్వాత నవ్వు రాలేదు.

ఆరు రోజులకి హాలర్ వాళ్ళలో ఒకరు పలికారు. పేరు 'హెచ్'. ఆ ఒక్క అక్షరమే. ఆడో మగో, ఏ దేశమో, వయసెంతో ఏమీ లేదు. రెండు ముక్కలు రాసి ఉంది.

'టు కమ్ అంటే ఎక్కడినించి రావాలి? సెకను చాలకపోతే ఆగే సమయం మీరే పెంచుకోవచ్చు కదా?'

ముప్పయ్యారు రోజులు ఎదురు చూసింది దీనికా అనిపించింది. తప్పు తనదేనని కూడా తెలుస్తోంది. గుల్లలపేట మాటని చొక్కా లాగా ఇంగ్లీషుకి తొడిగితే అది ఎవరికి సరిపోతుంది? ఆమె రెండ్రోజులు కూచుని జవాబు రాసింది. ఆగే సమయం పెంచితే నిజంగా చచ్చిపోయిన డిష్షుని కూడా బతికుందని చూస్తూ కూచోవాలి, అది తనకి అక్కర్లేదని రాసింది. ఆ తర్వాత రాయనా వద్దా అని ఊగి, రాసేసింది. 'మాది చేపలవాళ్ళ ఊరు. సాయంత్రానికి పడవ రాకపోతే మేం పోయిందనం. దానికి మాకు వేరే మాట ఉంది. మూడు రోజులు ఆ మాటే అంటాం. పడవ అదే, సముద్రం అదే, మా మాటే వేరు. మీ ప్రోగ్రాము చివరిరోజు అనాల్సిన మాటని మొదటి సాయంత్రమే అనేస్తోంది.'

నాలుగు రోజులు మళ్ళీ తెల్లకాగితం. ఇరవయ్యేడున హెచ్ రాశారు. 'ఇప్పుడు అర్థమైంది. మీ కోడు చూశాను, బాగుంది. పరీక్షలు రాయండి, మాన్యువల్లో రెండు వాక్యాలు రాయండి. మాట మాత్రం లేట్ అని పెడదాం.'

ఈశ్వరికి ఏడుపొచ్చినంత పనైంది. అయినా ఊరుకోలేదు. లేట్ అంటే వచ్చేశాక అనే మాట, రాకముందు అనేది ఇంకోటుండాలి అంది. అయితే రెండు పెట్టండి అన్నారు హెచ్. రాకముందు 'నాట్ యెట్', వచ్చాక 'లేట్'. ఇరవై తొమ్మిది సాయంత్రానికి అన్నీ రాసి పంపింది. ఒక్క ముద్ర పడాలి. ముప్పయ్యో తారీకు పొద్దున్నించి ఆ పేజీ మీదే కళ్ళు పెట్టుకుని కూచుంది. అన్నం క్యారేజీ మూత తియ్యలేదు. హెచ్ పలకలేదు.

డిసెంబరు ఒకటిన గణపతిరావు మేడెక్కాడు. ఆయన అలా ఎక్కడం ఎప్పుడూ లేదు.

"డిష్షు ఇప్పడానికి నరేష్‌ని ఒక్కన్నీ పంపితే మీ ఆడోలు ఆన్ని బతకనివ్వరే. నువ్వూ ఎల్లు."

"రెండ్రోజులాగండి బాబూ. ఆల్లు ఒప్పుకున్నారు. ముద్దరొక్కటే."

"అడిగేను. నీ మీదొట్టు, పొద్దున్నే అడిగేను. కంపెనీవోడు కాయితంలో తారీకు సూడమన్నాడు."

షెల్టరు మెట్ల మీద ఎవరూ ఆమెని ఆపలేదు. అదే కష్టమైంది. తిడితే బాగుండేది. ఆమెకోసం కొంచెం జరిగి దారిచ్చారు. డాబా మీద ఉప్పుగాలికి బోల్టులు తుప్పుపట్టి ఉన్నాయి. ఒకటి ఎంతకీ రాలేదు. నరేష్ కిరసనాయిలు పోసి కాసేపాగుదాం అన్నాడు. ఆ ఆగినంతసేపూ ఈశ్వరి పిట్టగోడ మీంచి సముద్రం చూసింది. కింద అమ్మడు పైకి చూసి అడిగింది, "ఏటే గుంటా, బాగుసెయ్యడానికేనా?"

నరేష్ స్పానర్ అందించాడు. ఆఖరి బోల్టు ఈశ్వరే విప్పింది.

డిసెంబరు ఆరున హెచ్ రాశారు. 'క్షమించండి, ఊళ్ళో లేను. మీ మార్పు కలిపేశాను. జనవరి విడుదలలో వస్తుంది. కృతజ్ఞతలు.' మార్పులు రాసినవాళ్ళ పేర్ల జాబితాలో మూడొందల చిల్లర పేర్ల కింద, ఈశ్వరి అని. ఆ పేరు కేసి చూసి చూసి, ఎవరికైనా చూపించాలనిపించి, గది నాలుగు మూలలా చూసి, ఫ్యాను కట్టేసి వెళ్ళిపోయింది.

జనవరిలో కొత్త హాలర్ వచ్చింది. కంపెనీవాళ్ళే అన్ని ఆఫీసుల్లోనూ ఎక్కించారు. నెలాఖరుకి గణపతిరావు కిందనించే కేకేశాడు. "ఈస్పరీ! ఈ నెల కొత్తగా తియ్యమన్న డిష్షులు ఆరున్నాయి కదా, ఆట్లో నాలుగు తియ్యొద్దన్నాడే! అవతల ఆ కొండకింద ఊరోల్లదీ బతికిపోనాది. అంతా నీ పున్నెమే!"

ఆమె మెట్ల మీదికొచ్చింది. "మరి మాది బాబూ?"

ఆయన గొంతు తగ్గింది. "అది అప్పుడే బోగాపురంకాడ ఏదో రిసార్టుకి బిగించీసేరంట."

ఆ కొండకింద ఊరు ఆమె ఎన్నడూ చూడలేదు. అక్కడ డాబా కింద ఎవరు కూచుంటారో, ఎవరికోసం మాట్లాడతారో ఆమెకి తెలీదు. వాళ్ళకీ ఆమె తెలీదు.

ఆవేళ మధ్యాహ్నం ఆమె సంతలోకి నడిచి వెళ్ళింది. మరిడమ్మ గంప సగం ఖాళీ అయింది. కవ్వళ్ళ చేపల మీద ఈగలు తోలుకుంటూ, పొద్దున్నే ఇసకదిబ్బెక్కి కొడుక్కి పంపాలనుకున్న మాట గాలికి తెగిపోయిందని తిడుతోంది. ఈశ్వరి పక్కన గొంతుక్కూచుని చెప్పింది. ఆ పెట్టెలోవాళ్ళు విన్నారని, ఇకమీదట దేశదేశాల్లో ఎక్కడ కేకేసినా, జవాబు రాకపోతే పోయిందనరని.

మరిడమ్మ ఈగలు తోలడం ఆపింది. "రావాల అంతారా?"

"ఆల్ల బాసలో. ఔను."

"మరా మాత్రం తెలీడానికి ఇన్నాలు పట్టిందేటే ఆల్లకి? సదూకున్నోలు కారేటి?" ముఖంలో ఏదో వెలిగింది. "అయితే ఇంకేటి, మన గొడుగు మల్లీ పెడతారు కదా?"

బేరానికొచ్చినావిడ కవ్వళ్ళు తిరగేసి, మెత్తబడ్డాయన్నట్టు పెదవి విరిచి వెళ్ళిపోయింది. ఈశ్వరి చీర అంచుకి అంటిన పొలుసు ఒకటి గోటితో తీసింది.

"రావాలత్తా," అంది.

మరిడమ్మ కోడలి మొహంలోకి ఒక్కసారి చూసింది. ఇంకేమీ అడగలేదు. గంపలో మిగిలిన చేపల మీద తడిగుడ్డ సర్ది, తలమీద చుట్టకుదురు పెట్టుకుని లేచి నిలబడింది.

"పట్టు, నెత్తికెత్తు," అంది.